చచ్చిన కోళ్ళ నడక

పొద్దున్నే నమాజు చేసుకుని కోళ్ళ ఫారానికి పోవడం కౌసర్ అలవాటు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే రోడ్డు పక్కనే ఫారం. ఆ తారు మీదే పోయిన నెల మామ హుమాయున్ పండించిన మొక్కజొన్న ఆరబోసింది. వానకు తడిసి ముక్కిపోయిన గింజ. చీపురుతో బూజు దులిపి గోతాలకెత్తి ప్రొద్దుటూరు దాణా మిల్లుకు తోలింది. మనుషులకు పనికిరానిది కోళ్ళకు చాలని ఊరందరూ చేసే పనే.

ఇప్పుడు నెల దాటిన బ్రాయిలర్ కోళ్ళు కేజీ కూడా తూగడం లేదు. ఈకలు రేగి, కాళ్ళు తడబడి గుంపులుగా చస్తున్నాయి. కోడిపిల్లల్నీ దాణానీ తనే ఇచ్చి కూలికి పెంపించే ఆ మిల్లు నారాయణ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు.

"నీళ్ళ పైపులు కడగవు, పొట్టు మార్చవు. నా కోళ్ళను సంపినావు గదమ్మా!"

కౌసర్ ఒక కోడిని కోసి కార్జం అతని ముఖం ముందు పెట్టింది. పచ్చగా వాచిన కార్జం వేలు తగలగానే పిండిలా చెదిరింది.

"ఇది పైపుల రోగమా? బూజు గింజలు ఆడించి విషం పంపినావు. నీ కండ్లు పోను!"

"నోరు దగ్గర పెట్టుకో. నీకింక ఒక్క పిల్లను గూడా దింపను."

"కోళ్ళే చెప్తాయిలే. అవి నా గడపకొస్తే ఫారం తాళం నీ మొహాన కొడతా. నీ మిల్లుకు పోతే నువ్వు మిల్లు మూసుకో."

ఆ పక్క ఊళ్ళల్లో, రోగంతో చచ్చిన కోడి పారేసిన గుంతలోనే ఉంటుంది. తిండి చెడి చచ్చినది ఎండెక్కగానే లేచి, తిండి చెడగొట్టినవాళ్ళ దగ్గరికి నడుస్తుంది. అందుకే మధ్యాహ్నం దాకా గుంత పూడ్చరు.

ఎండెక్కేసరికి చూడ్డానికి ఊరు రోడ్డెక్కింది. హుమాయున్ మాత్రం ఇంటి ముందు మంచం దిగలేదు.

"రా మామా, ఈయప్ప బతుకు బయటపడేది చూద్దువు."

"నేను రానమ్మా," అన్నాడు ముసలాయన, కోడలి వైపు చూడకుండా.

నాలుగొందల కోళ్ళు తూలుతూ గుంత ఎక్కాయి. రోడ్డు మీద, మొక్కజొన్న ఆరబోసిన చోట కాసేపు ఆగాయి. ప్రొద్దుటూరు వైపు పోలేదు. వరసగా కౌసర్ ఇంటికి తిరిగి గడప దగ్గర కూర్చున్నాయి.

కౌసర్‌కు సిగ్గుతో ఒళ్ళంతా మండిపోయింది. నారాయణ పగలబడి నవ్వాడు.

"తాళం తే!"

ఆమె తాళంచెవి అతని కాళ్ళ ముందు విసిరికొట్టింది. "తీసుకో. నా గోతాలు విప్పినప్పుడు గూడా ముక్కుకు ఇదే రుమాలు పెట్టుకున్నావు గదా. వాసన తెలిసే కొన్యావు."

తాళంచెవి తీసుకుని నారాయణ కారు వైపు నడిచాడు. గడప దగ్గరి కోళ్ళలో సగం లేచి అతని వెంట పడ్డాయి. కాలితో తన్నాడు. పడినవి లేచి మళ్ళీ నడిచాయి. కారు పోయినా, దుమ్ములో ప్రొద్దుటూరు దారి పట్టాయి.

మిగతా సగం కదల్లేదు. కౌసర్ ఎంత అదిలించినా గడప మీదే కూర్చుని ముక్కులు తెరిచి ఆమె చేతుల వైపు చూశాయి. దాణా వేసే వేళయింది.