పూజలో పెట్టిన కంప్యూటర్

పెళ్లిళ్లలో ఎవరైనా నా ఉద్యోగం ఏమిటని అడిగితే, "దొంగలను పట్టుకుంటాను" అని చెప్పేవాణ్ణి. పోలీసనుకుని కుర్చీ వేసేవారు. నేను కాదనేవాణ్ణి కాదు. నిజానికి మాది మాదాపూర్‌లో ఐదో అంతస్తు, ఒక అద్దాల గది, నలుగురు మనుషులు, ఆరు కంప్యూటర్లు. వీడియో గేములు తయారుచేసేవాళ్లు మాకు ఫీజు కడతారు. వాళ్ల గేమును ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా పంచిపెడుతుంటే, అది ఏ లైను నుంచి పోతోందో కనిపెట్టి, ఆ లైను ఇచ్చిన కంపెనీ ద్వారా మేం నోటీసు పంపాలి. నలభై ఎనిమిది గంటల్లో సంజాయిషీ ఇవ్వకపోతే లైను తెగిపోతుంది. నోటీసు కింద సంతకం నాది. మునిస్వామి, ధ్రువీకరణ విభాగం.

ఆరేళ్లలో ఎన్ని సంజాయిషీలు చదివానో! పక్క ఫ్లాటువాళ్లు మా వైఫై వాడారు. మా బావమరిది వచ్చి చేసిపోయాడు. మిషన్ దానంతటదే చేసింది సార్, నేను అన్నం తింటున్నాను. అన్నిటికీ నాది ఒకటే జవాబు, తెలియక జరిగిందనేది సంజాయిషీ కాదు అని. ఆ వాక్యం మీద నాకు గర్వం కూడా ఉండేది, దాచడమెందుకు.

మా క్లయింట్లంతా సముద్రాల అవతల ఉంటారు. మా ఆఫీసు మెట్లెక్కి వచ్చిన మొదటి క్లయింటు సౌజన్య. ముప్పై ఏళ్లుంటాయి. గచ్చిబౌలిలో మంచి ఉద్యోగం మానేసి, ప్రగతి నగర్‌లో అద్దెకుంటూ, రెండేళ్లు కూర్చుని ఒక గేము చేసింది. దాని పేరు 'ఆఖరి ట్యాంకర్'. మే నెలలో మణికొండ. మీరు నీళ్ల ట్యాంకర్ డ్రైవరు. సందులో ఎదురుగా కారు, వెనక చెత్త బండి, పై అంతస్తు నుంచి తిట్లు. సాయంత్రంలోగా పదకొండు అపార్ట్‌మెంట్లకు నీళ్లు పోయాలి. ఇది ఎవడు ఆడతాడు, నిజంగా పడే బాధ చాలదా అనుకున్నాను. పైకి అనలేదు.

"అంతా నువ్వొక్కదానివే చేసినావామ్మా?" అని అడిగాను.

"ఒక్కదాన్నే సార్. బొమ్మలు, మాటలు, పాట. హారన్ కూడ నిజం ట్యాంకర్ దగ్గరికి పోయి రికార్డ్ చేసిన," అంది. "సార్, నా పాత ఆఫీసోళ్లు నా సీటు దసరా దాంక ఆపిన్రు. దసరా సెలవులల్ల వెయ్యి మంది కొంటె నేను ఇంకో గేము చేసుకుంట. లేకుంటె పోయి ఆ సీట్ల కూసుంట. ఆ నాలుగు రోజులు మాత్రం దొంగ కాపీలు బయటికి పోకుండ చూడండి సార్. నాకు ఇంకేం వద్దు."

"నిశ్చింతగా పో. నేనుండానుగదా," అన్నాను. ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. నేనే అన్నాను.

గేము గురువారం బయటికొచ్చింది. శుక్రవారం పొద్దున్నే దొంగ కాపీ లింకు కనబడింది. మా పద్ధతి ప్రకారం ముందు ఆ ఫైలును మేమే దించుకోవాలి, పది నిమిషాలు ఆడి అది అసలు గేమేనని రూఢి చేసుకోవాలి, ఆ తర్వాత మూసేసి నోటీసులు మొదలుపెట్టాలి. ఈ పంపకాల్లో ఫైలు ఒకచోట ఉండదు. దించుకునే ప్రతివాడూ తనకొచ్చిన ముక్కలను మిగతావాళ్లకు ఇస్తూ పోతాడు. ఎక్కువ ఇచ్చినవాడికి త్వరగా వస్తుంది. మేం తీసుకోవాలి గాని ఇవ్వకూడదు, కాబట్టి ఇచ్చే దారి మూసి ఉంచుతాం. దాంతో మాకు పిసినారి ఇంట్లో నెయ్యి వడ్డించినట్టు చుక్క చుక్కగా వస్తుంది.

సరిగ్గా ఆ రోజే ఆఫీసులో ఆయుధపూజ. మర్నాటి నుంచి నాలుగు రోజులు సెలవు. పూజారిగారు ఆ రోజు అప్పటికే ఆరు ఆఫీసులు చేసివచ్చారట, ఇంకా తొమ్మిది ఉన్నాయట. మా గది గుమ్మంలో నిలబడి గంట వాయిస్తూ వాచీ చూసుకుంటున్నారు. తెర మీద డౌన్‌లోడ్ పన్నెండు శాతం దగ్గర కూర్చుంది. నాకు ఒళ్లు మండింది. ఇచ్చే దారి తెరిచేశాను. రెండు నిమిషాలే కదా, దిగగానే మూసేస్తానని నా ఉద్దేశం. మాది మామూలు లైనా? ఫైలు దబదబా దిగింది. పది నిమిషాలు కాదు, మూడు నిమిషాలు ఆడాను. ట్యాంకర్‌ను ఒక గేటుకు గుద్దాను. గేమును మూశాను. పంపకం ప్రోగ్రామును మూసేలోపు పూజారిగారు లోపలికొచ్చి కీబోర్డు మీద పసుపు కుంకుమ పెట్టి, తెరకు బంతిపూల దండ వేసి, హారతి ఇచ్చేశారు.

నేను మౌసు మీద చెయ్యి వేయబోయాను. సెక్యూరిటీ ఐలయ్య అడ్డం వచ్చాడు. జనగామ దగ్గరి మనిషి, పదేళ్లుగా మా ఫ్లోరు తాళాలు ఆయన చేతిలోనే ఉన్నాయి.

"సార్, ముట్టకుండ్రి! హారతైంది. పూజల పెట్టిన పనిముట్టును దసరా ఎల్లినంక తీయాలె."

"ఒక్క నిమిషం ఐలయ్యా, ఒక్కటి మూసేయాల."

"నిమిషమైనా ముట్టుడు ముట్టుడే గద సార్. జర ఆగుండ్రి, యాడికి పోతది?"

నిజం చెప్పాలంటే ఆయన నన్ను బలవంతంగా ఆపలేదు. నేనే ఆగాను. మదనపల్లెలో మా నాయనది కుట్టుమిషన్. పూజలో పెట్టిన మూడు రోజులు కలెక్టరు చొక్కా అయినా కుట్టేవాడు కాడు. ఆ మిషన్‌కు మొక్కి పెరిగినవాణ్ణి, నేనూ కంప్యూటర్‌కు మొక్కి, కొబ్బరిచిప్ప తీసుకుని బయటికొచ్చాను. ఐలయ్య తాళం వేశాడు. ఇచ్చే దారి తెరిచి ఉన్న సంగతి నాకు గుర్తుంది. మరిచిపోయానని చెబితే అబద్ధం. గేము దిగిపోయింది, ఇక అదే ఆగిపోతుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. ఆగదని నాకంటే బాగా తెలిసినవాడు మాదాపూర్‌లోనే లేడు.

బుధవారం వచ్చేసరికి నోటీసుల జాబితా సిద్ధంగా ఉంది. ఎవరు ఎన్ని కాపీలు పంచారో రాసుకునే మిషన్ ఒకటి పక్కగదిలో సెలవుల్లోనూ పనిచేస్తుంది. దానికి పూజ చేయలేదు, ఎందుకంటే అది మాది కాదు, కిరాయిది. జాబితాలో రెండో పేరు బ్రెజిల్‌లో ఎవరిదో, నలభై కాపీలు. మొదటి పేరు హైదరాబాద్, మాదాపూర్, ఐదో అంతస్తు. పదకొండు వేల మూడు వందల నలభై కాపీలు.

అప్పటికే ఆ మిషన్ నా సంతకంతో నోటీసు కూడా పంపేసింది. మాకు లైను ఇచ్చిన కంపెనీవాళ్లు దాన్ని పద్ధతి ప్రకారం మాకే పంపారు. నలభై ఎనిమిది గంటల్లో సంజాయిషీ ఇవ్వగలరు. ఇట్లు, మునిస్వామి.

కూర్చుని సంజాయిషీ రాశాను. "కంప్యూటర్ పూజలో ఉన్నందువల్ల ముట్టుకోవడం వీలుపడలేదు." చదువుకున్నాను. ఇది వేరే ఎవడైనా రాసి ఉంటే టీ తాగుతూ అర నిమిషంలో కొట్టిపారేసేవాణ్ణి. బావమరిది మీద పెట్టినవాడే నయం, వాడికి కనీసం బావమరిది ఉన్నాడు.

మేనేజరు రామచంద్రం గారు కాకినాడ మనిషి. ఆయనకు కోపం రాదు, అదే ఆయనతో చిక్కు. జాబితా చూసి కళ్లజోడు తుడుచుకున్నారు.

"మునిస్వామిగారూ, మొదటి వరుస తీసేసి ఆ అమ్మాయికి రిపోర్టు పంపించేయండి. మనం దాంట్లోకి రామండి. మనది పరీక్ష కదండీ."

"పదకొండు వేలసార్లు పరీక్ష చేసినామా సార్?"

"ఆవిడకు తెలిస్తే ఏమొస్తుందండీ? పోయిన కాపీలు వెనక్కొస్తాయా? మీ ఉద్యోగం, నా ఉద్యోగం కూడా పోతాయి. ఆలోచించుకోండి."

ఆలోచించుకున్నాను. నాకు నలభై నాలుగేళ్లు. ఇంకో ఆఫీసులో నన్నెవడు తీసుకుంటాడు? తీసేద్దామనే అనుకున్నాను, ఒట్టు. ఆ వరుస చెరిపాను కూడా. అప్పుడు బ్రెజిల్ మనిషి మొదటికొచ్చాడు. నలభై కాపీలతో సౌజన్య బతుకు తెల్లారిపోయిందని నేను సంతకం పెట్టాలి. చెయ్యి రాలేదు. మంచితనం కాదు, నన్ను చూసి నాకే కంపరం పుట్టింది. వరుసను మళ్లీ పెట్టి, కాగితం మీద తీసి, స్కూటరెక్కి ప్రగతి నగర్ వెళ్లాను.

సౌజన్య మంచినీళ్లిచ్చింది. కాగితం ఇచ్చాను. నిలబడే చదివింది.

"ఈ ఐదో అంతస్తు మీదే కద సార్?"

"మాదేనమ్మా. నేనే. ఇచ్చే దారి తెరిచింది నేనే, మూయకుండా పోయింది నేనే. పూజలో ఉండాదని ముట్టుకోలేదు. తప్పు నాదే. నువ్వు కేసు పెట్టుకున్నా నేను కాదనను."

తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె ఫోను తీసి నాకు చూపించింది. నెల్లూరు నుంచి ఎవరో, గేములో వాల్వు తిప్పే కమలమ్మ పాత్ర అచ్చం మా అత్తలా ఉందని రాశారు. మణికొండలో ఎవరో, మా సందును ఇంత బాగా ఎట్లా తీశారని రాశారు. అట్లాంటివి వందలు.

"శనివారం నించి ఒకటే వస్తున్నయి సార్. నాకు ఎంత సంబురమైందో! అమ్మకు ఫోన్ చేసి చదివి వినిపించిన. ఇంతమంది ఆడుతున్నరంటె ఇగ కొన్న లెక్క రేపు కనబడతది, ఎల్లుండి కనబడతదని కూసున్న. కొన్నోళ్లు నూట పన్నెండు మంది సార్." ఆమె ఫోను పక్కన పెట్టింది. "మీ లైను లేకుంటె ఆళ్లు కొంటుండెనో, అసలు నా గేమే ఎరుగకపోతుండెనో. ఎవ్వరికీ తెల్వదు. నాకు మీ మీద కోపం వస్తలేదు సార్, సంబురపడ్డందుకు నా మీద నాకే వస్తున్నది. రేపు పొద్దున గచ్చిబౌలిల జాయినింగు."

ఆరేళ్లలో ఎందరి లైన్లు కోశానో లెక్క చెప్పగలను. ఎవరి గేము పోయిందో వాళ్ల మొహం, పోయిన తర్వాత చూడడం ఇదే మొదలు.

"మీరెట్లుంది అనుకున్నరు సార్?" అని అడిగింది.

"మూడు నిమిషాలే చూసినానమ్మా. గేటుకు గుద్దినాను."

"కొన్నరా?"

"లేదమ్మా." సిగ్గుతో చచ్చిపోయాను. ఫోను తీశాను. "ఇప్పుడే కొంటా. యాడ కొనాల్నో చూపించు. మా ఆఫీసోళ్లందరి చేతా కొనిపిస్తా."

"కొనే బటను పొద్దున్నే తీసేసిన సార్," అంది సౌజన్య. ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది. "అయినా మీకెందుకు సార్ కొనుడు? మీ దగ్గర ఉన్నది కద."