బొదిల్ కర్ర ఆనించిన మలుపు

స్కీలు నేర్చుకోవడానికి మా లోయకు కొత్తగా వచ్చేవాళ్లు ముందుగా అడిగేది మోకాలి గురించే. అందరూ నిటారుగా నిలబడి జారుతుంటే మా టెలిమార్క్ ప్రాంతం వాళ్లు మాత్రం ఒక మోకాలు వంచి, వెనక మడమ పైకి లేపి, మంచు మీద ప్రార్థన చేస్తున్నట్టు మలుపు తిరుగుతారెందుకని. నేర్పేవాణ్ణి నేను కాబట్టి మనిషిని బట్టి జవాబు చెబుతాను. బొద్దుగా ఉన్నవాళ్లకైతే, అలా వంగితే కొండకు జాలేస్తుందంటాను. చదువుకున్నవాళ్లకైతే, మా తాత జారుతూ జారుతూ పడిపోయిన పొగాకు డబ్బీ ఏరుకోబోయి ఈ మలుపు కనిపెట్టాడంటాను. ఆయన ఎంత వేగంగా దిగేవాడంటే, కింద కాఫీ తాగి లేచాక గానీ ఆయన నీడ వచ్చి చేరేది కాదు. అబద్ధం అనేవాళ్లు ఆ నీడను చూడలేదు కాబట్టి అంటారు.

బొదిల్‌కీ ఇదే చెప్పాను. ఆవిడ డెన్మార్క్ మనిషి, నర్సు. అప్పటికి నలభై దాటింది. ఒక ఈస్టర్ సెలవులకు నలుగురితో కలిసి వచ్చి మా అక్క గున్‌హిల్ ఇంట్లో మేడగది అద్దెకు తీసుకుంది. పుట్టి బుద్ధెరిగాక కొండ చూడలేదట.

"మా ఊళ్లో అన్నిటికన్నా ఎత్తయింది చర్చి గంట, మేష్టారూ" అంది మొదటిరోజు.

"అయితే గంట మీద నుంచి దిగడం నేర్చుకుని రాకపోయావా, దొరసానీ?"

"తాడు పట్టుకుని దిగేదాన్ని. ఇక్కడ పట్టుకోవడానికేదీ లేదే!"

నవ్వుతూనే మూడు రోజులు పడింది. పడ్డప్పుడల్లా లేచి, మంచు దులుపుకుని, ఏ కాలు ముందు పెట్టానో, బరువు ఎక్కడ ఉంచానో తనకు తానే చెప్పుకునేది. నాలుగో రోజు మధ్యాహ్నం పాలకొట్టం వెనక చిన్న వాలు మీద మొదటి మలుపు కుదిరింది. ముందు కాలు వంగింది, వెనక మోకాలు దాదాపు స్కీని తాకింది, రెండు చెక్కలూ కలిసి ఒక్క పొడుగాటి కొడవలిలా తిరిగాయి. ఆవిడ ఆగి వెనక్కి తిరిగి, తను గీసిన గీతను చాలాసేపు చూసింది.

"ఇది జారడంలా లేదు మేష్టారూ. నడుస్తూనే ఉన్నాను, వాలు పక్కకు జరిగి దారిస్తోంది."

నలభై ఏళ్లు నేర్పాను గానీ, ఆ మలుపులో ఏముందో నాకు చెప్పిన మనిషి ఆవిడే. మరుసటి ఏడు వచ్చింది. ఆ మరుసటి ఏడూ వచ్చింది. మూడోసారి వచ్చేటప్పుడు కోటు జేబులో ఒక ఉత్తరం తెచ్చింది.

మా లోయకు నర్సు లేక అప్పటికి రెండేళ్లు. ఆ ఉద్యోగానికి రాసిన ఉత్తరం అది, స్టాంపు కూడా అంటించి ఉంది. అక్క వాఫుల్స్ వేస్తుంటే బొదిల్ దాన్ని బల్ల మీద పెట్టింది.

"శనివారం గుర్రపుమెడ మీద నుంచి కర్ర ఆనించకుండా దిగితే దీన్ని పోస్టులో వేస్తా. ఆనించానా, చింపేసి మా ఊరు పోతా."

"అదేం పంతం తల్లీ?" అంది అక్క.

"పంతం కాదు గున్‌హిల్. చలికాలంలో ఇంటింటికీ స్కీల మీద తిరగాల్సిన నర్సు, వాలు చూడగానే కర్ర మీద కూలబడితే ఎవరు లోపలికి రానిస్తారు?"

ఆవిడ అన్నది నిజమే. గుర్రపుమెడ అంటే మా ఊరి పెద్ద వాలు. ఈస్టర్ శనివారం దాని మీద పాతకాలపు పద్ధతిలో దిగుతాం. ఉన్ని బట్టలు, చేతిలో ఒక్కటే పొడుగాటి కర్ర, పాదాన్ని స్కీకి బిగించడానికి పేనిన కొమ్మల కట్టు. ఎవరు ముందొచ్చారని చూడం, ఎంత అందంగా వచ్చారని చూస్తాం. కర్ర ఉన్నది చేతిలో పట్టుకోవడానికే. మలుపులో దాన్ని మంచులో గుచ్చి దాని మీద వాలితే 'కర్ర స్వారీ' అంటాం. ఆ మాట పడ్డవాడు పెళ్లిళ్లలో కూడా దాన్ని వింటూ బతకాలి. ఆ మాట గట్టిగా అరిచే పని ఊరు నాకిచ్చింది, గొంతు పెద్దది కాబట్టి.

నాకు అప్పుడు యాభై మూడు. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని అడిగినవాళ్లకు వేరే కథ చెబుతాను. ఆ ఉత్తరం పోస్టులో పడాలని బొదిల్ కన్నా నేనే ఎక్కువ కోరుకున్నానని మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆ కొమ్మల కట్లు ఊరందరికీ పేనేది నేనే. విల్లో చెట్టు లేత కొమ్మలు కోసి, తొక్క తీసి, తాడులా మెలిపెట్టి, ఒక వలయం వేళ్లకు, ఇంకొకటి మడమ వెనక నుంచి వచ్చేలా కడతాను. ఎండిన కొమ్మ గడ్డకట్టే చలిలో పుల్లలా విరుగుతుంది, అందుకని ముందు రోజు సాయంత్రమే గోరువెచ్చటి నీళ్లలో వేసి తెల్లారేదాకా నాననివ్వాలి. నేను పేనిన కట్టు ఇంతవరకూ తెగలేదని నా గొప్ప. నా కట్టు తెగాలంటే ముందు కొండ తెగాలని ప్రతి ఏడూ అనేవాడిని.

శుక్రవారం సాయంత్రం అక్క ఇంటికి ఓస్లో నుంచి ఎనిమిది మంది వచ్చారు. వాళ్లకు స్కీలు నేర్చుకున్న ఎలుగుబంటి కథ చెప్పాను. అది మలుపు బాగానే తిరిగేది గానీ ఆగడం రాక స్వీడన్ దాకా పోయిందని. వాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. ఇంకోటి అడిగారు. ఇంకోటి చెప్పాను. ఊళ్లోవాళ్లు ఎవరి కట్లు వాళ్లే నానబెట్టుకున్నారు, నేను నానబెట్టాల్సిన బొదిల్ కట్లు మాత్రం అటక మీదే ఉండిపోయాయి.

పొద్దున్న గుర్తొచ్చి పరుగెత్తాను. కాఫీ మరిగేంతసేపు వేడినీళ్లలో ముంచి, తుడిచి, ఏమీ ఎరగనట్టు ఆవిడ పాదాలకు కట్టాను. బయట చలి సున్నాకు పదిహేను డిగ్రీల కింద ఉంది.

"గట్టిగా ఉన్నాయా మేష్టారూ?"

"కొండ తెగాలి, దొరసానీ."

గుర్రపుమెడ కింద నేనూ, చిన్నప్పటి నుంచీ నాతో పాటు బడి ఎగ్గొట్టిన హల్వోరూ పక్కపక్కన నిలబడ్డాం. బొదిల్ ఎనిమిదో మనిషి. మొదటి మలుపు చూసి హల్వోర్ టోపీ వెనక్కి నెట్టాడు.

"ఒరేయ్ తోర్యుస్, ఈవిడ మనకన్నా బాగా తిరుగుతోందిరా!"

రెండోది, మూడోది, నాలుగోది. కర్రను గాలిలో అడ్డంగా పట్టుకుంది, నేను నేర్పినట్టే. చివరి మలుపులో, ఆగడానికి పది గజాల దూరంలో, ఒక్కసారి తూలింది. కర్ర మంచులో దిగింది. ఆవిడ దాని మీద బరువంతా వేసి, ఒక కాలు ఈడ్చుకుంటూ ఆగింది. పడలేదు.

హల్వోర్ నా వైపు చూశాడు. నేను ఆవిడను వెనకేసుకొస్తానేమోనని ఊరంతా చూస్తోందనిపించింది. గొంతెత్తి అరిచాను.

"కర్ర స్వారీ! డెన్మార్కులో గుర్రాలు కరువయ్యాయి కాబోలు, కర్రలెక్కి వస్తున్నారు!"

జనం విరగబడి నవ్వారు. బొదిల్ కూడా నవ్వింది. కర్రను పైకెత్తి రాణిలా అందరికీ సలాం చేసి, స్కీలు విప్పి భుజాన వేసుకుని మెల్లగా వెళ్లిపోయింది. కుంటుతోందని నేను గమనించలేదు.

సాయంత్రం నాలుగింటికి అక్క ఆ స్కీలు తెచ్చి నా ముందు పడేసింది. కుడికాలి మడమ కట్టు రెండు ముక్కలైంది. విరిగిన చోట లోపలంతా తెల్లగా, పొడిగా ఉంది.

"మడమ ఊగిపోతుంటే వేళ్ల వలయం ఒక్కదాంతో ఆ చివరి మలుపు తిరిగిందిరా. చీలమండ ఇంత వాచింది. నువ్వైతే మూతి పగిలేలా పడేవాడివి."

"మరి అక్కడే చెప్పకపోయిందా?"

"నేనూ అదే అడిగా. 'మేష్టారి కట్టు తెగిందని ఊరంతా తెలిస్తే ఆయన తలెత్తుకోలేరు, వద్దు గున్‌హిల్' అంది. ఉత్తరం ఇంకా చింపలేదు. రేపు కాఫీల దగ్గర నువ్వే లేచి చెప్పు. ఒక్క మాట."

"చెబుతాలే."

"లే కాదు, చెప్పు."

ఆదివారం ఊరి హాల్లో అందరం చేరాం. బొదిల్ వాచిన కాలు బల్ల కింద దాచుకుని నాకు ఎదురుగా కూర్చుంది. నేను లేచాను కూడా. చెంచాతో కప్పు మీద కొట్టాను.

హల్వోర్ ఊరుకోలేదు. "ఏరా, ఈ ఏడు కూడా నీ కట్లు తెగలేదని డబ్బా కొట్టుకోవడానికేనా లేచావు?"

అందరూ నా వైపు చూశారు. వాళ్ల ముఖాల్లో నవ్వు అప్పుడే తయారుగా ఉంది. బొదిల్ కూడా చూసింది. ఆవిడ ముఖంలో నవ్వు లేదు, ఆగి చూస్తోంది అంతే.

"నా కట్టు తెగాలంటే కొండ తెగాలి!" అన్నాను.

హాలంతా బల్లలు చరిచారు. అక్క కాఫీ కూజా అక్కడే పెట్టేసి బయటికెళ్లిపోయింది.

సోమవారం బస్సు దగ్గర బొదిల్ సంచి నేనే మోశాను. చెప్పడానికి అదే ఆఖరి అదను. "మళ్లీ ఏడు వచ్చేటప్పుడు గుర్రం తెచ్చుకో, దొరసానీ" అన్నాను.

"మేష్టారూ, నాకు మలుపు నేర్పారు. దానికి చాలా సంతోషం" అంది. జేబులోంచి ఉత్తరం తీసి, మడతపెట్టి, నాలుగు ముక్కలు చేసి, మంచులో పడేయకుండా మళ్లీ జేబులోనే పెట్టుకుంది. బస్సు ఎక్కింది. మరి రాలేదు.

ఆ ఏడంతా ఆ విరిగిన కొమ్మ నా గోడ మేకుకు వేలాడింది. తరవాతి ఈస్టర్ ఆదివారం హాల్లో మళ్లీ లేచాను. ఈసారి హల్వోర్‌ను నోరెత్తనివ్వలేదు. నానబెట్టలేదన్నాను. ఎలుగుబంటి కథ చెబుతూ కూర్చున్నానన్నాను. కట్టు తెగితే ఆవిడ వేళ్ల వలయం ఒక్కదాంతోనే తిరిగిందని, నేను తెలిసి కూడా ఊరుకున్నానని, మాకు నర్సు లేకపోవడానికి కారణం నేనేనని చెప్పి, విరిగిన కొమ్మ పైకెత్తి చూపించాను.

హల్వోర్ తొడ చరుచుకున్నాడు.

"ఓరి నీ కొండ తెగా! కట్టు తెగినా మలుపు తిరిగిందట! పైగా సాక్ష్యానికి పుల్ల కూడా తెచ్చాడు చూడండర్రా! ఎలుగుబంటి కన్నా ఇదే బాగుందిరా తోర్యుస్."

నిజమని ప్రమాణం చేశాను. చేసేకొద్దీ నవ్వు పెరిగింది. అక్క లేచి సాక్ష్యం చెబితే, అక్కాతమ్ముళ్లు కలిసి నాటకం ఆడుతున్నారన్నారు.

బొదిల్‌కు అంతా రాశాను. జవాబు రాలేదు, రావాలనీ లేదు.

ఇప్పుడు ప్రతి ఈస్టర్‌కూ కొత్తగా నేర్చుకోవడానికి వచ్చినవాళ్లను హల్వోర్ నా ముందు కూర్చోబెట్టి, "కర్ర స్వారీ కథ చెప్పరా" అంటాడు. చెబుతాను. ఒక్క మాట మార్చను, ఒక్క మాట కలపను. ఆవిడ కుంటుతూ వెళ్లిపోయిన దగ్గరికి వచ్చేసరికి వాళ్లు నవ్వుతారు. నవ్వు ఆగేదాకా కూర్చుని, మిగతాది చెబుతాను.