ఎండుగడ్డి పెట్టని ఉదయం

మూడో ఆవు కూడా కూలిపోయింది.

దాని ఎడమ డొక్క బిగించిన డప్పులా ఉబ్బిపోయింది. నాలుక బయటికి వేలాడుతోంది. బురుల్ బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, దాని నోట్లో అడ్డంగా కర్ర పెట్టి తాడుతో కొమ్ములకు కట్టేసింది. కాపరి బెయ్‌షెన్ కత్తి మొనను డొక్కకు ఆనించాడు.

"గట్టిగా పట్టుకో వదినా!"

కత్తి దిగింది. బుస్సుమని గాలి, దాని వెంటే పచ్చటి నురగ ఎగజిమ్మి ఇద్దరి మొహాలనూ తడిపేసింది. బెయ్‌షెన్ ఆ రంధ్రంలో రెల్లు గొట్టం దోపాడు. ఆవు మూలిగి, ఊపిరి పీల్చుకుంది.

"ఇది బతికింది. తర్వాతది ఏది?"

తర్వాతది ఒమోర్ ఆవు. వాళ్ళు దాన్ని చేరేలోపే కళ్ళు తేలేసింది. కనీసం మాంసమైనా దక్కాలని ఒమోరే బిస్మిల్లా అంటూ గొంతు కోశాడు.

మందను వసంతపు మేతకు కదిలించిన మొదటిరోజే ఈ ఘోరం. తెల్లవారేటప్పుడు సన్నగా మంచు రాలింది. నారిన్ నది ఒడ్డునున్న కొండ మలుపు తిరిగేసరికి ఎండ కాసింది. మంచు కరిగి లేత లూసర్న్ గడ్డి చేలు తడితడిగా మెరిశాయి. చలికాలమంతా ఎండుగడ్డి నమిలిన ఆవులు తోడేళ్ళలా వాటి మీద పడ్డాయి. బెయ్‌షెన్ గుర్రంతో అడ్డం పడి తరిమేలోగానే కడుపులు ఉబ్బడం మొదలైంది. కబురందుకున్న ఊరివాళ్ళు గుర్రాల మీద పరిగెత్తుకొచ్చారు.

ఒమోర్ తన ఆవు పొట్ట చీల్చాడు. లోపలంతా పచ్చగడ్డే. ఎండు పరక ఒక్కటి లేదు.

"చూశారా!" అని అరిచాడు. "కదిలే రోజు కడుపునిండా ఎండుగడ్డి పెట్టి తోలాలని చంటిపిల్లనడిగినా చెబుతుంది. ఈ మహానుభావుడు మాత్రం ఖాళీ కడుపులతో తోలుకొచ్చాడు!"

"పెట్టమని చెప్పే వెళ్ళానన్నా," అన్నాడు బెయ్‌షెన్. "వాగు ఎక్కడ దాటాలో చూడ్డానికి చీకటితోనే ముందు పోయాను. తిరిగొచ్చి తోలేటప్పుడు అవి మేత తినే ఉన్నాయనుకున్నాను. రాత్రి మందంతా బురుల్ వదిన వాళ్ళ కొట్టంలోనే ఉంది కదా."

"ఎవరికి చెప్పావు? కొట్టం గోడలకా?"

"వాకిట్లోంచి కేకేశాను. లోపలి నుంచి 'సరే' అన్నారు."

"సరే అన్నారంట! దెయ్యాలు పలికాయేమో. చాల్లే, ఆ కొరడా ఇటివ్వు. ఈ లోయలో ఇంకెవడైనా నీకు మేకపిల్లనైనా అప్పగిస్తాడేమో చూస్తాను."

బెయ్‌షెన్ ఇల్లు ఈ మంద మీదే గడుస్తోంది. భార్య నిండు చూలాలు. అతను తలవంచుకుని మణికట్టుకున్న కొరడా ముడి విప్పడం మొదలుపెట్టాడు.

పొద్దున 'సరే' అన్నదీ, గడ్డివామిలో పంగలకర్ర గుచ్చిందీ బురులే. చెయ్యి పట్టుకుని ఆపింది ఆమె మామగారు.

"ఆకాశం చూశావా తల్లీ? మళ్ళీ మంచు ముంచుకొస్తే మంద వెనక్కొస్తుంది. అప్పుడేం పెడతాం? ఉంచు."

వయసులో ఉన్నప్పుడు ఆయన ఒక వసంతంలో గడ్డి అయిపోయి, మంచులో ఆవులన్నీ పోగొట్టుకున్నాడు. ఆ తోళ్ళన్నీ తన చేతులతోనే ఒలిచాడు. అప్పట్నించీ వసంతంలో మబ్బు కనిపిస్తే చాలు, ఆయన భయంతో గడ్డివామి దగ్గరికి పరిగెడతాడు. అందుకే బురుల్ ఎదురు చెప్పలేక పంగలకర్ర కింద పెట్టేసింది.

ఇప్పుడాయన గుంపు వెనక తన గుర్రం కళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. ఆయనే చెబుతాడని ఆమె ఎదురుచూసింది. ఆయన గుర్రం జూలు సవరించసాగాడు.

కొరడా ఒమోర్ చేతికి అందబోతోంది.

"ఆగండి!" అంది బురుల్. "గడ్డి వెయ్యబోయింది నేను. వద్దన్నది మామయ్య."

అందరూ గిర్రున తిరిగారు. ఆమె మామగారి వైపు కాదు, ఆయన అన్న తుర్గన్ వైపు. బురుల్ ఇద్దరినీ మామయ్య అనే పిలుస్తుంది. మామగారు ఊరందరికీ దీవెనలిచ్చే పెద్దమనిషి. తుర్గన్‌కేమో చెవుడు, మతిమరుపు. ఊళ్ళో ఏం పోయినా ముందు ఆయన్నే అనుమానిస్తారు.

"ఏంట్రా, టీ కాచారా?" అంటూ తుర్గన్ నవ్వాడు.

ఒమోర్ ఆయన కాలరు పట్టుకున్నాడు. "ముసలోడా, నా ఆవును మింగేశావు కదరా!"

"ఆయన్ని వదులు! ఆయన కాదు!"

"మరెవరు? మామయ్య మామయ్య అంటే మాకేం తెలుస్తుంది? పేరు చెప్పమ్మా!"

ఆచారం ప్రకారం కోడలు మామ పేరు పలకదు. పెళ్ళయి వచ్చినప్పట్నించీ ఆ పేరు ఆమె నాలుక మీదికి రాలేదు. పిల్లలకు వంశం చెప్పాల్సి వచ్చినా, ఆ ఒక్క చోట ఆగిపోయి భర్తను చెప్పమనేది.

ఆమె గుంపు మీదుగా మామగారిని చూసింది. ఆ కళ్ళలో కోపం లేదు. పొద్దున మబ్బును చూసినప్పటి భయమే ఉంది. ఆమెకు ఏడుపొచ్చింది.

"నన్ను తిట్టుకోకు మామయ్యా," అంది మెల్లగా. తర్వాత ఒమోర్ వైపు తిరిగి, అందరికీ వినబడేలా చెప్పింది.

"షర్షెన్."