అంకన్నకు ఐదేండ్లు

మల్లి అని పిలిచే నాగమల్లేశ్వరి నోట్లో నువ్వుగింజ నానదని పుట్టింటివాళ్లూ అంటారు, అత్తింటివాళ్లూ అంటారు. మేనమామ కొడుకు హరికృష్ణనే చేసుకుంది కాబట్టి ఆ పిల్ల గుట్టు రెండిళ్లకీ చిన్నప్పటి నుంచీ తెలిసిందే. అలాంటి మనిషి, ఒంగోలు డాక్టరు చెప్పిన మాటొకటి ఎండలు ముదిరేదాకా కడుపులో దాచుకుంది. దాచి దాచి చివరికి ఎక్కడ బయటపెట్టిందయ్యా అంటే, బేస్‌బాల్ రూల్సులో.

ముందు ఆ ఆట సంగతి చెప్పాలి. హరికృష్ణ హైదరాబాదులో ఒక కంపెనీలో అమెరికా ఆటల స్కోర్లు కంప్యూటర్లో ఎక్కించే పని చేసేవాడు. కిడ్నీలు చెడిపోయి యర్రగొండపాలెం దగ్గరి సొంతూరికి తిరిగొచ్చాక ఉద్యోగం పోయింది గానీ ఆట మీద మోజు పోలేదు. పాత స్నేహితులను, గిద్దలూరు సురేష్‌ను కూడగట్టి ఆన్‌లైన్లో ఒక లీగు పెట్టాడు. అందులో మైదానమూ లేదు, బంతీ లేదు. ఒక్కొక్కరికీ ఒక జట్టు ఉంటుంది. ఆటగాళ్లందరూ కంప్యూటరు పుట్టించినవాళ్లు. రోజూ సాయంత్రం ఆ కంప్యూటరే ఆటలాడించి ఎవరు గెలిచారో చెబుతుంది. మన నెల అక్కడ ఏడాది. ఆటగాళ్లకు వయసు మీద పడుతుంది, కాంట్రాక్టులు అయిపోతాయి, పొడిగించకపోతే వేరే జట్టుకు పోతారు. లేని మనుషుల కోసం ఉన్న మనుషులు కొట్లాడుకోవడమేందని హరికృష్ణ తల్లి రోశమ్మ మూతి తిప్పేది.

ఆ లేని మనుషుల్లో ఒకడికి హరికృష్ణ తన తాత పేరు పెట్టుకున్నాడు. ఆటలో అంకన్న పని బంతి విసరడం. అసలు అంకన్న నల్లమల అంచున గొర్రెలు కాశాడు. ఆయన వడిసెల తిప్పి రాయి వదిలితే అది దారితప్పిన గొర్రె ముక్కు ముందర పడేదట. గొర్రెకు దెబ్బ తగలదు, బెదిరి మందలోకి మళ్లుతుంది. ఆ చేతివాటం కంప్యూటరు అంకన్నకూ వచ్చిందని మనవడు మురిసిపోయేవాడు.

రోజు మార్చి రోజు మొగుడూ పెళ్లాలిద్దరూ బస్సెక్కి మార్కాపురం వెళ్లేవాళ్లు, డయాలసిస్‌కు. సూదులు గుచ్చిన చెయ్యి కదపకూడదు. అతను మంచం మీద పడుకుని చెబుతుంటే మల్లి పక్కన కూర్చుని ఫోనులో కొట్టేది. కొట్టీ కొట్టీ ఆట పట్టుబడింది. తగవులు తీర్చడంలో మొదటి నుంచీ దిట్ట కాబట్టి అందరూ కలిసి ఆమెనే లీగుకు కమీషనర్‌ను చేశారు. పదో తరగతితో చదువు ఆపేసిన పిల్ల హైదరాబాదు ఉద్యోగస్తులను ఫోనులో గదమాయిస్తుంటే హరికృష్ణ మంచం మీద నుంచే నవ్వేవాడు.

ఇక ఒంగోలు డాక్టరు మాట. గుండె పరీక్షకని అక్కడికి వెళ్లినప్పుడు ఆయన ఆమెను గది బయటకు పిలిచి, "గుండె బాగా దెబ్బతిందమ్మా. వానలు పడేదాకా ఉంటే దేవుడి దయే," అన్నాడు. మందులు మార్చారని మొగుడికి చెప్పి ఊరుకుంది. ఊరుకోక ఏం చేస్తుంది? అంతకుముందే, ఆసుపత్రిలో పక్క మంచం గురుస్వామి పోయిన రోజున హరికృష్ణ ఒక మాట అన్నాడు.

"లాభం లేదని తెలిసిననాడు నేను ఈ మిషను కాడికి రాను మల్లీ. ఇంటికాడ్నే పడుకుంటా. నన్ను బతిమాలబాక."

అతను అన్నాడంటే చేస్తాడు. మిషను మానేస్తే ఎన్నాళ్లో ఉండడని ఆమెకు తెలుసు. అందుకే అత్తతో కూడా అనకుండా ఆ మాటను మింగి తిరుగుతోంది.

అదే రోజుల్లో లీగులో కాంట్రాక్టు పొడిగింపుల గొడవ వచ్చింది. ఒకడు తన ఆటగాళ్లందరికీ ఇరవయ్యేసి ఏళ్లు రాసేసుకున్నాడు. ఇట్లయితే మిగతావాళ్లం గోళ్లు గిల్లుకోవాల్సిందేనని సురేష్ లేచాడు. రూల్సు రాసి పెడతానని మల్లి మాటిచ్చింది. కూర్చుని రాసింది. పొడిగింపు ఐదేళ్లకు మించకూడదు. సీజను ముగిసేలోగా జట్టు యజమానే వచ్చి అడగాలి. ఆటగాడు కాదంటే బలవంతం లేదు. అక్కడ ఆపి ఉంటే సరిపోయేది. కానీ చెయ్యి ఆగలేదు. "యజమాని ఏ కారణంగానైనా రాలేకపోతే అతని జట్టును ఎవరూ ముట్టుకోకూడదు. ఆటగాళ్లందరి కాంట్రాక్టులూ వాటంతట అవే పొడిగించినట్టు లెక్క" అని ఇంకొకటి చేర్చింది.

మర్నాడు మిషను దగ్గర కూర్చుని ఆ రూల్సన్నీ మొగుడికి చదివి వినిపించింది. బాగా రాశావంటాడని ఆశ. హరికృష్ణ ఆఖరిదాన్ని మళ్లీ చదవమన్నాడు. చదివింది.

"ఇది ఎవురు అడిగినారు?"

"ఎవురూ అడగలా బావా. నాకే తోచింది."

"మన లీగులో రాలేనోళ్లు ఎవురున్నారు?"

"ఊరికే రాసినా. అందురికీ పనికొస్తాదని."

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. అతను ఆమె ముఖంలోకి చూశాడు.

"ఒంగోలులో డాక్టరు నిన్ను బయట నిలబెట్టి చెప్పింది మందుల గురించి గాదు గదా?"

మల్లి ఒకసారి అబద్ధమాడగలదు. అదే అబద్ధం రెండోసారి ఆడటం ఆమెకు చేతకాదు. తల వంచుకుంది. మిషనులో అతని రక్తం గొట్టాల వెంట తిరుగుతూ ఉంది. ఇప్పుడే సూదులు పీకేయమంటాడని, ఇంటికి పోదాం లెమ్మంటాడని ఆమెకు భయమేసింది. మంచం పట్టీ గట్టిగా పట్టుకుంది.

"బావా, ఇంటికి పోదామనబాక. నీకు దండం పెడతా."

అతను కళ్లు మూసుకున్నాడు. నర్సు వచ్చి మిషను చూసుకుని వెళ్లింది. ఆ తర్వాత ఎప్పటికో కళ్లు తెరిచాడు.

"ఆ ఆఖరు రూలు కొట్టేయ్. ఉన్నోడే అడగాల, ఉన్నోడే రాయాల. లేనోడి పేరు మీద మందను కట్టేసుకుంటే మేపేదెవురు?"

మల్లి కొట్టేసింది.

"అంకన్న కాంట్రాక్టు ఈ నెలతో అయిపోతాంది గదా. పొడిగింపు పెట్టు."

"ఎన్నేండ్లు?" అని అడిగి, ఎందుకు అడిగానురా దేవుడా అనుకుంది.

"ఐదేండ్లు."

ఐదేళ్లంటే ఐదు నెలలు. వానలు పడి, చెరువులు నిండి, చేలల్లో కంకులు వేసే కాలం. ఆమె ఫోను మీంచి తలెత్తి అతన్ని చూసింది.

"ఏంది చూస్తాండావు కమీషనరమ్మా? రూలు ఒప్పుకుంటాది గదా. యజమాని ఉన్నాడు, అడుగుతాండాడు. ఎల్లుండి బస్సులో ముందర సీటు పట్టు. ఎనకమాల కుదుపులకు నడుం ఇరిగిపోతాంది."

ఎల్లుండి వస్తాడన్నమాట. లాభం లేదని తెలిసి కూడా వస్తాడు. తన కోసం కాదు, ఆమె కోసం వస్తాడు. మల్లి ఐదు కొట్టింది. ఫోను తెర మసకబారినట్టు కనిపించి పమిట చెంగుతో తుడిచింది, కానీ తడి తెర మీద లేదు. అంకన్న ఒప్పుకున్నాడని కంప్యూటరు చెప్పింది. ఆ మాట పైకి చదివితే హరికృష్ణ తృప్తిగా తలాడించాడు.

ఆ తర్వాత అతను ఒక్కనాడు కూడా మిషను మానలేదు. చేతి నరాలు పనికిరాక మెడ దగ్గర గొట్టం పెట్టారు, అప్పుడూ మానలేదు. అంకన్న కాంట్రాక్టు ఇంకా మూడేళ్లు ఉండగానే, తొలకరికి ముందు, హరికృష్ణ పోయాడు.

పెద్దదినం అయ్యాక సురేష్ ఫోను చేశాడు.

"వదినా, ఆ కొట్టేసిన రూలు మళ్లా పెట్టుకుందాం. అందురం అనుకున్నాం. అన్న జట్టు అట్లనే ఉండనీ. అంకన్నను ఎవురూ అడగరు."

"వద్దులే అబ్బయ్యా. కొట్టేయమన్నది మీ అన్నే."

ఫోను పెట్టేసి గడప మీద కూర్చుని లీగు తెరిచింది. అంకన్న పేరు నొక్కి, జట్టులోంచి వదిలేయమంది. వదిలేయడానికి కారణం ఏమిటని కంప్యూటరు అడిగింది. గాయమా, వయసా, జీతం బరువా, యజమాని లేడా అని వరసగా చూపింది. ఇన్నాళ్లూ ఊరంతా వచ్చి ఆమె ముందు ఏడ్చి పోయారు గానీ, మల్లి మాత్రం లేడన్న మాట పైకి అనలేదు. బావ చొక్కాలు ఉతికి ఆరేస్తూనే ఉంది. ఆఖరిదాన్ని నొక్కింది. అంకన్న జట్టులోంచి వెళ్లిపోయాడు.

అప్పుడు పెట్టింది కేక. దొడ్లో గొర్రెలకు నీళ్లు పోస్తున్న రోశమ్మ బిందె వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

"ఏందమ్మా? ఏమైంది తల్లీ?"

"అత్తా, బావ లేడత్తా," అంది మల్లి.

రోశమ్మ ఆ మాట అప్పుడే విన్నదానిలా కోడలిని పొదివి పట్టుకుని గడపలోనే కూలబడింది.