ఇంజిను దీపం ఆరిపోయాక

"ఉద్యోగం ఇస్తామన్నారే!" అంటూ మా ఆయన ఫోను పట్టుకుని వంటగదిలోకి దూకాడు. రోగులను సొంత కారులో ఆసుపత్రికి తీసుకెళ్లి, తీసుకొచ్చే పని. ఇక ఆ దూరపు గనులకు తిరిగి వెళ్లక్కర్లేదు. ఏడాదికోసారి కనబడే మొగుడు కాడిక. సంబరంలో నా చేతిలోంచి గరిట జారిపోయింది.

షరతు ఒక్కటే. సాయంత్రంలోగా కారు తనిఖీ చేయించి, బాగుందన్న కాగితం చూపించాలి. మా పాత కారులో చూస్తే, ఏదో తప్పుందని హెచ్చరించే ఇంజిను దీపం పసుపుపచ్చగా వెలుగుతోంది.

"దాని జబ్బేంటో అదే చెబుతుందట" అన్నాడు. మీటరు పక్కనున్న మీట నొక్కి తాళం తిప్పితే, తప్పు ఎక్కడుందో చెప్పే కోడు తెరమీద పడుతుందట. ముందు సీట్లలో ఒదిగి కూర్చున్నాం. మీట నొక్కాడు. ఒక అక్షరం, పక్కనే అంకెలు!

"అమ్మో, నిజంగానే మాట్లాడింది!" అని తన బుగ్గ మీద ముద్దు పెట్టాను. ఆ మురిపెంలో తను మీట వదలడం మరిచాడు. అంకెలు మాయమయ్యాయి. పసుపు దీపమూ ఆరిపోయింది.

"చూశావా, నీ ముద్దుకి బండి కూడా కుదుటపడింది."

దారంతా నవ్వుకుంటూ వెళ్లాం.

తనిఖీ చేసేది మా బాబాయే. తన యంత్రం తీగను కారుకు తగిలించి, తెర చూసి, మేం మీట నొక్కిన సంగతి విని, నుదురు కొట్టుకున్నాడు.

"ఎంత పని చేశావు అల్లుడూ! అంతసేపు నొక్కితే కోడు చెరిగిపోతుందయ్యా."

"దీపం ఆరిందిగా మావయ్యా?"

"జబ్బు పోలేదు, దాని నోరు నొక్కావంతే. ఇప్పుడు బండి నాలుగు రోజులు తిరిగి, తన్ను తాను మళ్లీ పరీక్షించుకోవాలి. అప్పటిదాకా ఈ యంత్రం ఒప్పుకోదు. ఆ కోడు ఉండుంటే మరమ్మతుకి గడువు రాసిచ్చేవాణ్ణి. అది చూపిస్తే వాళ్లు ఆగేవాళ్లు."

"ఇప్పుడైనా రాసివ్వు బాబాయ్."

"ఏ జబ్బని రాయను తల్లీ?"

మా ఇద్దరిలో ఒక్కరికీ ఆ అంకెలు గుర్తులేవు.

ఉద్యోగం వాళ్లు ఫోనులో రెండు ముక్కలు విని, ఇంకొకరిని చూసుకుంటామన్నారు. ఇంటికొచ్చేసరికి గరిట ఇంకా నేలమీదే ఉంది. తను పెట్టె దించి చొక్కాలు మడతపెట్టసాగాడు. పక్కన కూర్చుని మడతలు సరిచేశాను. నాకు చేతకానిదల్లా ఏడుపు ఆపుకోవడమే.

"రైల్లో పడుకోవడానికి దుప్పటి పెట్టనా?"

"పెట్టు. స్టేషనుకి బస్సులో వెళ్లిపోతాలే."

"ఏం అక్కర్లేదు. రేపు పొద్దున్న కారులో నేనే దింపుతాను. వచ్చేటప్పుడు ఊరంతా తిప్పుకుంటూ వస్తా. దాని పరీక్షలేవో అది చేసుకుంటుంది."