పెట్టె, మడత, పలక

మా చెల్లెలి లాండ్రీలో ఉన్న డ్రయ్యరు ఒకసారి ఒక పెద్దమనిషి కోటుని మింగి, నాలుగేళ్ల పిల్లాడికి సరిపోయే కోటుని కక్కింది. ఆ పెద్దమనిషి వచ్చి చూశాడు, చివరికి ఆ కోటుకి సరిపోయే పిల్లాణ్ణి వెతికి పెంపకానికి తెచ్చుకున్నాడు. ఇది అబద్ధమని మా మేనల్లుడంటాడు. వాడు అప్పటికి పుట్టనేలేదు కాబట్టి వాడి సాక్ష్యం చెల్లదు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం అచ్చమైన నిజం. అక్కడక్కడా కాస్త గంజి పెట్టి ఇస్త్రీ చేశానంతే.

మా చెల్లెలు ఒక్క ఇస్త్రీపెట్టెతో మొదలుపెట్టిన కొట్టు అది. మరక చూసి ఆ మనిషి ముందురోజు ఏం తిన్నాడో చెప్పగలదు. ఎవరితో కూర్చుని తిన్నాడో కూడా చెప్పగలదు గానీ, కాపురాలు కూలతాయని ఊరుకుంటుంది. ఇప్పుడు ముందు గదిలో బట్టలు తీసుకునే బల్ల, ఇస్త్రీ బల్ల, డ్రయ్యరు. వెనక గదిలో దుప్పట్లు ఉతికే పెద్ద మిషను. అది ఏనుగంత ఉంటుంది, తిండి కూడా ఏనుగుదే. లాడ్జి దుప్పట్లు వస్తేనే దాని కడుపు నిండేది.

ఆ కొట్లో రెండు కట్టుబాట్లు. ఒకటి, ప్రతి ఇంటి బట్టలకీ ఒక రంగు దారంతో మూలన కుట్టు వేస్తారు, కలిసిపోకుండా. రెండోది మా చెల్లెలి నోటి మాట: "బల్ల మీదికొచ్చిన గుడ్డ నీళ్లలోకి పోవాల్సిందే." ఎవరిది, ఎందుకొచ్చింది అని అడగడం ఉండదు. అడుగుతూ కూర్చుంటే లాండ్రీ నడవదు, కోర్టు నడుస్తుంది.

దారం రంగులు ఎన్నుంటాయి? లాడ్జిది నీలం. కొత్తగా వచ్చిన ఆడపిల్లల హాస్టలుకి లేతనీలం ఇచ్చారు. ఒక మబ్బు పట్టిన రోజున రెండూ ఒకే నీలమయ్యాయి. మర్నాడు లాడ్జి మేనేజరు దిగాడు. మనిషి మెత్తనే గానీ ఆ రోజు బాగా గంజి పట్టినట్టున్నాడు.

"ఏవమ్మా, మా లాడ్జిలో దిగినాయన పక్క దులిపి వేసుకుంటే, మధ్యలో ఇంతింత అక్షరాలతో 'బాలికల వసతి గృహం' అని ఉందండీ. ఆయన భార్య పక్కనే ఉంది."

"అయ్యయ్యో! మడతలో కనపళ్లేదు బాబూ."

"ఆవిడకి బాగానే కనపడింది. ఆయనిప్పుడు ఎక్కడ పడుకుంటున్నాడో నాకు తెలీదు. చూడమ్మా, శుక్రవారం మధ్యాహ్నం వస్తాను. మూటకో కంప్యూటరు చీటీ ఉండాలి. ఎన్ని వచ్చాయి, ఎన్ని వెళ్తున్నాయి, ఎవరివి, అన్నీ. లేదంటే మా దుప్పట్లు మీ వెనక వీధి లాండ్రీ వాళ్లకిచ్చేస్తాను. ఏమీ అనుకోవద్దు."

ఆయన వెళ్లాక మా చెల్లెలు స్టూలు మీద కూర్చుంది. పొద్దున్న కొట్టు తెరిచాక ఆవిడ కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

"ఆ దుప్పట్లు పోతే పెద్ద మిషను ఎందుకన్నయ్యా? అమ్ముకోవడమే. మళ్లీ ఇస్త్రీపెట్టె దగ్గరికే."

"కంప్యూటరేగా, కొనెయ్."

"కొంటాను. ఏది కొనాలి?"

ఆ ఒక్క మాటకి ఇల్లు మూడు ముక్కలైంది.

ముందు అల్లుడు అందుకున్నాడు. మా మేనకోడలి మొగుడు. నేను వెనకాల 'దిండు' అంటాను. ఎక్కడ పెడితే అక్కడే ఉంటాడు, మెత్తగా ఉంటాడు, ఎవరు తల ఆనించినా ఏమీ అనడు.

"అత్తయ్యా, వ్యాపారమన్నాక డెస్క్‌టాపే. పెద్ద తెర, గట్టి కీబోర్డు. కదలదు, మెదలదు. ఎవడూ చంకలో పెట్టుకుపోలేడు."

"నీలాగే నాయనా," అన్నాను.

"మీరు ఊరుకోండి బాబాయిగారూ."

మా మేనల్లుడు మూటలు తెచ్చి ఇచ్చే పని చూస్తాడు. స్కూటరు మీద లేకపోతే స్కూటరు తుడుస్తూ ఉంటాడు. వాణ్ణి తూనీగ అంటాను.

"ల్యాప్‌టాప్ కొనమ్మా! మూట తీసుకునే గుమ్మంలోనే లెక్క ఎక్కించేస్తా. కరెంటు పోయినా నడుస్తుంది."

"నువ్వు దాన్ని పట్టుకుని ఊరంతా నడుస్తావు. కొట్లోకి మనిషొస్తే నేనెవర్ని అడగను?" అంది మా మేనకోడలు. "టాబ్లెట్టే మేలమ్మా. వేలితో నొక్కడమే. మిషన్ల మధ్య చేత్తో పట్టుకుని తిరగొచ్చు."

"నీళ్ల మధ్యా?" అన్నాడు దిండు.

"ఏవండీ, మీరు ఫ్యాను కింద కూర్చోడానికి ఒక వంక కావాలి, అంతేగా? డెస్క్‌టాపట!"

నేను వీధి వైపు కిటికీ మూల నా పేము కుర్చీలో కూర్చుని వింటున్నాను. ఒకప్పుడు డ్రయ్యరు పక్కన కూర్చునేవాణ్ణి. అక్కడ బట్టల్లోంచి ఎగిరే నూగు పీల్చీ పీల్చీ దగ్గు పట్టుకుంది. నేను దగ్గితే ఎదురింటి గోడ గడియారం ఒక గంట ముందుకి జరిగేది. చోటు మార్చమన్నాడు డాక్టరు. ఈ మూలకి మారాక దగ్గు మాయమైంది, ఎదురింటి వాళ్లు వేళకి భోంచేస్తున్నారు.

వింటూంటే నాకు ఒకటి అర్థమైంది. అందరూ కంప్యూటర్ల పేర్లే చెబుతున్నారు గానీ, ఒకడు మాట్లాడుతున్నది ఫ్యాను కింద చోటు గురించి, ఒకడు స్కూటరు గురించి, ఒకామె మొగుడికి దూరంగా తిరిగే వీలు గురించి. నేను కూడా ఇంగ్లీషు పేర్లతో అవస్థ పడకుండా వాటికి మన పేర్లు పెట్టేసుకున్నాను. కదలనిది పెట్టె, ముడుచుకునేది మడత, నొక్కేది పలక.

"అన్నయ్యా, నువ్వు చెప్పు. నీకు ఇందులో చోటు గొడవ లేదు," అంది మా చెల్లెలు.

"నేను పలక మీద చదువుకున్నవాణ్ణే. మా పంతులు పలక మీద రాసిన ఎక్కం నీళ్లతో తుడిచినా పోయేది కాదు. ఆయన మమ్మల్ని కొడుతూ రాసేవాడు, అదే మా వీపుల మీద కూడా పడేది. ఇప్పటికీ నా వీపు చూసి..."

"సరే, నిన్నడగడం నాది తప్పు," అంది. తరవాత అందరి వంకా చూసింది. "ఎవరింట్లో ఉన్నది వాళ్లు పట్టుకురండి. ఈ కొట్లో నిలబడి పని చేసిందాన్నే కొంటాను."

మూడూ వచ్చాయి. చీటీ కొట్టే ప్రోగ్రాము దిండే అన్నిటిలోనూ వేశాడు. ఆ మాటకొస్తే వాడు పనిమంతుడే, కూర్చోనిస్తే.

మొదట పలక. మా మేనకోడలు తడి చెయ్యి చీరకి తుడుచుకుని నొక్కితే ఒకసారి వినేది, ఒకసారి వినేది కాదు. మా చెల్లెలు నొక్కితే అసలే వినలేదు. సబ్బులోనూ సోడాలోనూ నాని నాని ఆవిడ వేళ్లు నున్నగా, తోలు ఎండిపోయి ఉంటాయి. పలక వాటిని మనిషి వేళ్లుగా ఒప్పుకోలేదు.

"ఏమే, ఇది నన్ను చూడనట్టు నటిస్తోందేం? తోడికోడల్లా!"

"మెల్లిగా తాకమ్మా."

"మెల్లిగా తాకితే మరక పోతుందా?" అని బొటనవేలితో రుద్దింది. పలక ఎక్కడికో వెళ్లిపోయి ఏదో వంట చూపించడం మొదలుపెట్టింది. అప్పుడు నేను వంగి ముక్కుతో తాకాను. వెంటనే చీటీ తెర వచ్చింది!

"చూశావా, వంశం గుర్తుపట్టింది," అన్నాను.

"అయితే రోజంతా నీ ముక్కుతోనే చీటీలు కొడదామా మావయ్యా?" అంది మేనకోడలు ఒళ్లు మండి. పలక మళ్లీ ఇంటికి, పిల్లల దగ్గరికి పోయింది.

తరవాత మడత. తూనీగ దాన్ని ప్రాణంలా చూసుకున్నాడు. ఆవిరి తగలకూడదని పాత తలగడ గలీబులో దూర్చి, పైన తువ్వాలు చుట్టాడు. బయట స్కూటరు హారను మోగితే, ఎవరో తన బండి జరుపుతున్నారని, ఆ మూటని బల్ల మీద పెట్టి పరుగెత్తాడు.

బల్ల మీద!

మా చెల్లెలు అటు తిరిగి చూడను కూడా లేదు. ఎడమ చేత్తో తీసింది, తొట్లో వేసింది, సబ్బు పోసింది. చేతికి ఏదో గట్టిగా తగిలితే "ఎవరిదోగానీ, బాగా అట్టకట్టిన మురికి" అనుకుందట. నేను చూశానా అంటే, చూశాను. చెప్పే లోపలే మునిగిపోయింది.

తూనీగ వచ్చి తొట్టి అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా! నా ల్యాప్‌టాప్!"

"బల్ల మీద పెట్టావా?"

"పెట్టాను, కానీ..."

"పెట్టాక ఇంకేముందిరా?"

వాడు దాన్ని ఎత్తితే నాలుగు వైపులా నురగ కారింది. దిండు దగ్గరికొచ్చి చూసి, "బావమరిదీ, ఇప్పుడు దీని మీద ఒక్క మరక ఉంటే ఒట్టు," అన్నాడు. నవ్వకుండా ఆ మాట ఎలా అన్నాడో నాకు ఇప్పటికీ తెలీదు.

ఇక పెట్టె. దిండు దాన్ని డ్రయ్యరుకీ ఇస్త్రీ బల్లకీ మధ్య, ఫ్యాను కింద పెట్టి, ఎదురుగా తను కూర్చున్నాడు. కీబోర్డు మీద మా చెల్లెలు వేలు పెట్టి కొట్టింది. టక్కుమని అక్షరం పడింది. ఇంకోటి కొట్టింది, ఇంకోటి పడింది. ఆవిడ ముఖం వెలిగింది.

"ఇది మన మనిషి. కొడితే పలుకుతుంది."

లాడ్జి పేరు తనే కొట్టింది, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. నీలం దారానికి ఒక నంబరు, లేతనీలానికి ఇంకో నంబరు. పక్కనున్న ప్రింటర్లోంచి చీటీ బయటికొస్తే దాన్ని కొత్త నోటులా వెలుతురుకి పెట్టి చూసింది. దిండుకి ఆ పూట రెండోసారి టీ దొరికింది.

శుక్రవారం పొద్దున పెట్టె దగ్గడం మొదలుపెట్టింది.

ముందు సన్నగా గుర్రుమంది. తరవాత ఉబ్బసం పట్టినవాడిలా పీల్చింది, వదిలింది, పీల్చింది, ఆగిపోయింది. దిండు మూత విప్పాడు. లోపల తెల్లదుప్పట్ల నూగు, ఎర్రతువ్వాళ్ల నూగు, అన్ని రంగుల నూగూ ఉండచుట్టుకుని ఉంది. పిల్లి ఈని వెళ్లిపోయిందేమో అనుకున్నాం. బ్రష్షుతో దులిపి పెడితే కాసేపు నడిచి మళ్లీ ఆగింది.

"పెట్టెలో తప్పు లేదత్తయ్యా. నూగు పడని చోటు కావాలి."

"లాండ్రీలో నూగు పడని చోటా!" అంది మేనకోడలు. "చేపల బజార్లో వాసన రాని చోటు వెతకండి, ముందు అది దొరుకుతుంది."

"వెనక గదిలో పెడితే?"

"అక్కడ ఆవిరి బావా. అదీ స్నానం చేస్తుంది," అన్నాడు తూనీగ. దెబ్బ తిన్నవాడు కదా.

నేను కుర్చీలో కదిలాను. ఆ దగ్గు నాకు తెలుసు. అది నా దగ్గే. అదే చోట కూర్చుని, అదే నూగు పీల్చి, అచ్చం అలాగే గుర్రుమనేవాణ్ణి. ఎక్కడ పెడితే తగ్గుతుందో కూడా నాకు తెలుసు. వీధి గాలి కిటికీలోంచి వచ్చి నూగునంతా లోపలికి తోసేస్తుంది. నా కుర్చీ దగ్గరికి ఒక్క పోగు రాదు. కానీ పెట్టె వస్తే, దాని ముందు కూర్చునేవాళ్లకి తప్ప ఆ మూలలో చోటుండదు. పైగా అక్కణ్ణించి వీధి మొత్తం కనిపిస్తుంది. ఎవరు ఎవరింటికి వెళ్తున్నారో చూడకపోతే నా కథలకి ముడిసరుకు ఎక్కణ్ణించి వస్తుంది?

"మా చిన్నప్పుడు ఒక గేదెకి ఇలాగే దగ్గొస్తే..." అని మొదలుపెట్టాను.

ఎవరూ వినలేదు. మా చెల్లెలు లాడ్జి దుప్పట్లు మడత పెడుతోంది. మూలకి మూల కలిపి, అరచేత్తో సాపు చేసి, ఒకదాని మీద ఒకటి. ఆఖరి దుప్పటి మీద చెయ్యి తియ్యకుండా కొడుకుతో మెల్లిగా అంది:

"ఒరే, పెద్ద మిషను ఎవరన్నా కొంటారేమో వాకబు చెయ్యి."

ఆ గేదె సంగతి నేనిప్పటికీ పూర్తి చెయ్యలేదు. లేచాను.

"ఇక్కడ పెట్టండి," అన్నాను.

"ఎక్కడ మావయ్యా?"

"ఇక్కడే. నా దగ్గు తగ్గిన చోట దాని దగ్గు తగ్గదా?"

మేనకోడలు వచ్చి కిటికీ గట్టు మీద వేలితో గీసి చూసింది. వేలికి ఏమీ అంటలేదు.

"అమ్మా, ఇటు చూడు! కొట్టు మొత్తంలో ఇంత శుభ్రమైన చోటుని ఇన్నాళ్లూ తన కింద దాచుకున్నాడే!"

"దాచుకోలేదే, కాపలా కాశాను."

దిండు పెట్టె మోశాడు, తూనీగ వైరు లాగాడు. నా కుర్చీ ముందు స్టూలు వేసి దాని మీద తెర పెట్టారు. మీట నొక్కితే పెట్టె ఒకసారి గొంతు సవరించుకుని, హాయిగా ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టింది. చెవి పెట్టి విన్నాను. నాకంటే ఆరోగ్యంగా ఉంది.

"లెండి, నేను కూర్చుంటాను," అన్నాడు దిండు, అలవాటు కొద్దీ.

"నీకెందుకు నాయనా, ఇక్కడ ఫ్యాను లేదు," అని మా చెల్లెలి భుజం పట్టుకుని నా పేము కుర్చీలో కూర్చోబెట్టాను. మొదట అంచు మీద కూర్చుంది, లేచిపోయేదానిలా. తరవాత మెల్లిగా వెనక్కి ఆనింది. కుర్చీ కిర్రుమంది. నాతో తప్ప ఇంకొకరితో అది ఆ మాట అనడం అదే మొదలు.

మేనేజరు వచ్చేసరికి చీటీలు మూటలకి గుచ్చి ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి చదివాడు. ఒక దుప్పటి పూర్తిగా విప్పి ఇటూ అటూ తిప్పి చూశాడు.

"బాలికలెవరూ లేరు కదమ్మా?"

"లేరు బాబూ. మా అన్నయ్య మీద ఒట్టు."

"నా మీదెందుకే? పెట్టె మీద వెయ్," అన్నాను.

మేనేజరు నవ్వేశాడు. ఆ నవ్వులో గంజి అంతా కరిగిపోయింది. వెళ్తూ వెళ్తూ, లాడ్జి కిటికీ తెరలు కూడా ఇక్కడికే పంపుతానన్నాడు. వెనక గదిలో ఏనుగు ఘీంకరించిందని నేనంటే ఎవరూ నమ్మడం లేదు.

వారం తిరక్కుండా కొత్త పెట్టె కొన్నారు. మడత వద్దని మొదట అన్నవాడు తూనీగే.

మరి నేనెక్కడ కూర్చుంటున్నానంటే, బల్లకి బయటి వైపు, బట్టలు తెచ్చేవాళ్ల బెంచీ మీద. అక్కణ్ణించి వీధి సగమే కనిపిస్తుంది, మిగతా సగం నేనే కల్పించుకుంటున్నాను. మొన్న అలా కూర్చుని, భుజం మీది తువ్వాలు బల్ల మీద పెట్టి ఒక కునుకు తీశాను. లేచేసరికి తువ్వాలు లేదు. సాయంత్రానికి ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలతో నా ఒళ్లో పడింది. మూలన పసుపు దారంతో ఒక కుట్టు. దానికి ఒక చీటీ గుచ్చి ఉంది, కంప్యూటరుదే:

'మా అన్నయ్య. తువ్వాలు ఒకటి. ముక్కుపొడి మరక, పోయింది. బల్ల మీద పెట్టినందుకు ఉతికాం.'