సుద్దతో గీసిన స్మార్ట్ బోర్డు

మా బడికి స్మార్ట్ బోర్డు వచ్చి ఏడు నెలలైంది. దాని మొహం చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. మా ప్రధానోపాధ్యాయుణ్ణి అందరం పెద్దసారు అంటాం. ఆయన బోర్డుకి పాత దుప్పటి కప్పి, చుట్టూ తాడు బిగించి, గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నారు. "వాడితే పాడవుతుందమ్మా" అనేది ఆయన సిద్ధాంతం. పాడైతే పైవాళ్లకి ఆయన సంజాయిషీ ఇచ్చుకోవాలి. వాడకపోతే అడిగేవాడే లేడు.

ఇంతలో పైనుంచి కబురొచ్చింది. నెలాఖరుకి తనిఖీ అధికారి వస్తాడట. పదో తరగతి సైన్సులో ఒక కొత్త పాఠం స్మార్ట్ బోర్డు మీద చెప్పి చూపించాలట. చెప్పలేకపోతే ఆ టీచర్ని పదో తరగతి నుంచి తప్పిస్తారట. పదో తరగతి సైన్సు పంతొమ్మిదేళ్లుగా నాది.

మాకు నేర్పడానికి ఒక శిక్షకుడు వచ్చాడు, మెడలో కార్డూ చేతిలో రిమోటూ పెట్టుకుని.

"సార్, బోర్డు గది తాళం తీయించండి," అన్నాడు.

"తనిఖీ రోజు తీద్దాం నాయనా. ఇప్పుడు తలా ఒక వేలు పెడితే గీతలు పడతాయి. మా సైన్సు టీచరు బొమ్మలు బాగా వేస్తారు. నల్లబల్ల మీద వేయించుకో," అన్నారు పెద్దసారు.

నేను వేశాను. చూడని బోర్డుని అతను చెబుతుంటే గీశాను. పైన మూల బటను, కింద పెన్ను, పక్కన తుడిచే గుర్తు, తర్వాతి బొమ్మ రావడానికి ఒక బాణం. ఒక్కొక్కరం లేచి వెళ్లి బాణం నొక్కి వచ్చాం. లెక్కల మాస్టారు గట్టిగా నొక్కితే బాణం సగం చెరిగిపోయింది.

"మెల్లగా తాకాలి సార్, లేకపోతే పగులుతుంది," అని శిక్షకుడు కేకేశాడు. సాయంత్రానికి అందరికీ సర్టిఫికెట్లు పంచి బస్సెక్కాడు.

ఇంట్లో సర్టిఫికెట్ చూపిస్తే మా అమ్మాయి పడీపడీ నవ్వింది. "ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకున్నావన్నమాట," అంది.

"నవ్వకే, నా క్లాసు పోతుంది," అన్నాను. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

మర్నాటి నుంచి తరగతిలో సాధన మొదలుపెట్టాను. నల్లబల్ల మూల బాణం గీసి వేలితో తాకేదాన్ని. ముప్పై నాలుగు మందీ ఒక్క గొంతుతో "టింగ్!" అనేవాళ్లు. ముందు బెంచీ అమ్మాయిలిద్దరు బల్ల తుడిస్తే నేను తర్వాతి బొమ్మ వేసేదాన్ని. ఆకుల పాఠం, కంటి పాఠం అలాగే అయిపోయాయి. గుండె పాఠాన్ని తనిఖీ కోసం దాచిపెట్టాను.

తనిఖీ రోజు పిల్లల్ని బోర్డు గదిలో కూర్చోబెట్టాక పెద్దసారు స్వయంగా తాడు విప్పారు. దుప్పటి దుమ్ముకి అధికారి రెండుసార్లు తుమ్మాడు. బోర్డు వెలిగింది. వెలిగి, పాస్‌వర్డ్ అడిగింది.

పెద్దసారు నావైపు చూశారు. నేను లెక్కల మాస్టారి వైపు చూశాను. ఆయన ఫ్యాను వైపు చూశారు. శిక్షకుడి ఫోను పలకలేదు.

"కానివ్వండమ్మా, నేనింకా రెండు బడులకి వెళ్లాలి," అన్నాడు అధికారి.

పక్కనే నల్లబల్ల ఉంది. చెయ్యి అలవాటుకొద్దీ బాణం గీసింది. వేలితో తాకాను.

"టింగ్!" అన్నారు పిల్లలు.

గుండె వేశాను. టింగ్. నీలం సుద్దతో చెడు రక్తం ఒళ్లంతా తిరిగి కుడివైపు పై గదిలోకి వచ్చింది. టింగ్. కింది గదిలోకి దిగింది. టింగ్. అక్కణ్ణించి ఊపిరితిత్తులకి బయల్దేరింది. ఎర్ర సుద్ద చేతిలోకి తీసుకున్నాను.

"చాలు చాలు, అద్భుతం!" అని అధికారి లేచాడు. పాస్‌వర్డ్ అడుగుతున్న తెర ముందు నన్ను నిలబెట్టి, వేలు చాపమని ఫొటో తీసుకుని, రాసుకోవాల్సింది రాసుకుని వెళ్లిపోయాడు.

మా బడికి సుద్దపెట్టె రావాలంటే నెల పడుతుంది. నా పేరు మీద ఉత్తర్వు మాత్రం మర్నాడు పొద్దున్నే వచ్చింది. సాంకేతికతను గొప్పగా వాడినందుకు నన్ను నలభై బడుల టీచర్లకి శిక్షకురాలిగా వేశారు. సంవత్సరం చివరిదాకా అదే పని, ఇవాళే బయల్దేరాలి. పదో తరగతి సైన్సు లెక్కల మాస్టారికి అప్పగించారు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"మన బడికి పేరొచ్చిందమ్మా! మీరు నిశ్చింతగా వెళ్లండి, బోర్డుని నేను చూసుకుంటాను," అన్నారు పెద్దసారు, దుప్పటి దులుపుతూ.

మొదటి పీరియడ్ అయ్యేసరికి నా సామాను సర్దుకుని గేటు దాకా వచ్చాను. వెనకనుంచి ముందు బెంచీ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"మేడం, నిన్న ఊపిరితిత్తులకి వెళ్లిన రక్తం ఇంకా గుండెకి తిరిగి రాలేదు."

"లెక్కల సారు చెబుతారమ్మా."

"అడిగాం మేడం. బోర్డు తెరిచినప్పుడు చూద్దామన్నారు."